జుట్టు కత్తెర, నల్ల కాగితం

సెలూన్ పెద్దాయనకీ, ఆయన కుడిచేతి బొటనవేలికీ కట్టు విప్పిన రోజు నుంచి పడటం లేదు. ఆయన రమ్మంటే అది రాదు, పొమ్మంటే పోదు. మిగతా వేళ్లన్నీ బుద్ధిగా చెప్పిన మాట వింటుంటే ఇదొక్కటీ అలిగిన కొత్త అల్లుడిలా బిగదీసుకుని కూర్చుంటుంది.

దెబ్బ తగిలిన తీరు నలుగురికీ చెప్పుకునేలా కూడా లేదు. షాపులో ఫ్యాను రెక్కలు తుడుద్దామని కుర్చీ ఎక్కాడు. అది కటింగ్ కుర్చీ. ఇన్నేళ్లుగా అందులో ఊరందరినీ కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పినవాడు, అది తిరుగుతుందన్న సంగతి ఆ ఒక్క నిమిషం మరిచిపోయాడు. కుర్చీ మాత్రం మరిచిపోలేదు. మణికట్టు విరిగింది. ఎముక అతికింది కానీ, బొటనవేలు వాచిపోయి, వాపు తగ్గాక కర్రలా బిగుసుకుపోయింది.

బొటనవేలు లేకపోతే ఆ వృత్తిలో మనిషి లేనట్టే. జుట్టు కత్తెరలో ఒక రెక్క కదలదు, దాన్ని ఉంగరపు వేలు నిలబెడుతుంది. రెండో రెక్కని ఆడించేది బొటనవేలే. తల చుట్టూ సాగే నాట్యమంతా దానిదే.

"ఈ బంతి పిసుకుతూ ఉండండి తాతగారూ, అదే వస్తుంది," అంది ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే అమ్మాయి, మెత్తటి ఎర్రబంతి ఒకటి చేతిలో పెట్టి.

ఆయన ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని పిసికాడు. నాలుగు రోజులకి బంతి ముఖం చూస్తేనే విసుగు పుట్టడం మొదలైంది.

"పిసుకుతున్నావా నాన్నా?" అని వంటింట్లోంచి కూతురు అడిగేది.

"పిసుకుతున్నా. పాలు మాత్రం రావట్లేదు."

నవ్వులాటలెలా ఉన్నా లోపల ఆయనకి దిగులుగానే ఉంది. షాపులో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకటి అల్లుడిది. కిటికీ పక్కది ఈయనది. ఆ కుర్చీ ఖాళీగా ఉండటంతో వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, గోడ గడియారం చూసుకుని లేచి వెళ్లిపోతున్నారు. ఒకరోజు భోజనాల దగ్గర అల్లుడు కంచంలోకి చూస్తూ చెప్పాడు.

"మామయ్యా, ఒకతను వస్తానంటున్నాడు. చెయ్యి మంచిది. ఒకటో తారీఖు నుంచి. మీరు వచ్చేదాకానే."

"మంచిదే కదయ్యా. పెట్టుకో."

"మీకు ఏమైనా..."

"నాకేముంది. కుర్చీ ఖాళీగా ఉంటే దుమ్ము పడుతుంది."

ఇద్దరికీ తెలుసు. ఒక మనిషి ఒక అద్దం ముందు తన దువ్వెనలు సర్దుకున్నాక, ఆ మనిషిని లేవమనడం ఎవరి తరమూ కాదు. ఒకటో తారీఖులోపు బొటనవేలు తిరిగితే కుర్చీ ఉంటుంది. లేకపోతే ఈ కిటికీ, ఈ బంతి.

చేతులు కడుక్కోవడానికి వంగిన అల్లుడి మెడ మీద జుట్టు కాలరు దాటి వేలాడుతోంది. చెవులు సగం కనిపించడం లేదు. సెలూన్ నడిపే మనిషి ఇలా ఉంటే బేరం ఎలా వస్తుందని కూతురు రోజూ పోరుతోంది. తీరిక దొరకట్లేదంటాడు అతను. పెద్దాయన కూడా చూశాడు కానీ, చెయ్యి చాతకానివాడు పక్కవాడి జుట్టుకి వంకలు పెట్టకూడదని ఊరుకున్నాడు.

బంతి కాని మార్గం వెతకాలని తండ్రీ కూతుళ్లు ఇద్దరూ గట్టిగా అనుకున్నారు.

"చేతికి పని ఉండాలి, మనసుకి సరదాగా ఉండాలి, ఇంట్లో కూర్చునే చెయ్యాలి," అంది కూతురు.

"జేబుకి తెలియకూడదు," అని కలిపాడు ఆయన.

ముందు రంగుపెన్నులు వచ్చాయి. బొటనవేలు మడత పడకపోవడంతో పెన్ను పిడికిట్లో పట్టి బొమ్మలకి రంగులు పులిమాడు. చూడ్డానికి పసిపిల్ల వేసినట్టుంది, చెయ్యడానికి కాళ్లీడ్చినట్టుంది. తర్వాత పెరటి కుండీలోని మట్టి తడిపి గిన్నె చెయ్యబోయాడు. అది ఆరి, బీటలు వారి, మళ్లీ కుండీలోకే వెళ్లిపోయింది. పైవాటా టీచరమ్మ తన దగ్గర మిగిలిన ఉన్ని, రెండు అల్లిక పుల్లలు ఇచ్చి, ఓపికగా పక్కన కూర్చుని నేర్పింది. ఆయన అల్లింది చివరికి గిన్నెలు తోమే పీచులా తయారైంది. కూతురు దాంతో నిజంగానే గిన్నెలు తోమింది.

"బాగా పనిచేస్తోంది నాన్నా. ఇంకోటి అల్లు."

"వద్దులే. దీనికే టీచరమ్మ ముఖం చూడలేకపోతున్నా."

కూతురు వీధి చివర జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. ఒక సాయంత్రం ఆమె చంకలో కాగితాల కట్ట పెట్టుకుని వచ్చింది. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు కటిక నలుపు.

"కొత్తమ్మాయి మిషను మూత వెయ్యకుండా బటన్ నొక్కేసింది. మూత లేకపోతే అంతా నల్లగా వస్తుంది. అదెందుకు నల్లగా వస్తోందో చూద్దామని ఇంకాస్త నొక్కింది. ఓనరు పారెయ్యమన్నాడు. అల్మారాల్లో పరుచుకోవచ్చని తెచ్చా."

పెద్దాయన ఒక కాగితం తీసుకుని వెలుతురుకి పట్టుకున్నాడు. నిగనిగలాడే నలుపు. అప్పుడే నూనె రాసి దువ్విన తలలా ఉంది. వేలితో రాస్తే కొంచెం మసి అంటింది. ఎడమచేత్తో దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"దీన్ని కత్తిరిస్తే?" అన్నాడు.

వంటింటి కత్తెర తెచ్చుకున్నాడు. చేతికి అది కొత్త. ఆయన ఉంగరపు వేలు దాని రంధ్రంలోకి దూరినా, పట్టు కుదరలేదు. చెయ్యికి ఒక్క పట్టే తెలుసు, ఆ పట్టుకి ఒక్క కత్తెరే తెలుసు. అది అల్మారా పైఅరలో, తోలుసంచీలో ఉంది.

ఆయన లేచి సంచీ అందుకున్నాడు. అందుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

జుట్టు కత్తెర కాగితాన్ని తాకకూడదు. ఆ వృత్తిలో మొదటిరోజే చెప్పే మాట అది. కాగితం కోస్తే పదును చచ్చిపోతుంది, ఆ తర్వాత జుట్టుని కొయ్యదు, పీకుతుంది. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య ఈ కత్తెరతోనే మందుల పొట్లం చింపింది. ఆయన రెండుపూటలు అన్నం తినలేదు. "పోనీలెండి, మీ కత్తెర నా జడ జోలికి రాకుండా ఉంటే చాలు," అని ఆవిడ నవ్వేసింది. అంత పొడుగు జడ ఉన్న మనిషి, భర్త సెలూన్ వాడయినా ఒక్కనాడు కూడా కొసలు కత్తిరించనివ్వలేదు. జడ అలాగే నిండుగా ఉండగానే వెళ్లిపోయింది.

ఇప్పుడీ కత్తెరతో కాగితం కొయ్యడమంటే, ఇక జుట్టుతో పని లేదని తనకి తాను చెప్పుకోవడమే. సంచీ మళ్లీ పైఅరలో పెట్టేశాడు.

మర్నాడు కూతురూ అల్లుడూ పనులకి వెళ్లాక, ఆయన బంతిని ఒకసారి చూశాడు. పైఅరని ఒకసారి చూశాడు. బంతి మీద తువ్వాలు కప్పి, సంచీ దింపాడు.

మొదటి కోత ఒక యుద్ధం. బొటనవేలిని ఎడమచేత్తో రంధ్రంలోకి తొయ్యాలి. రెక్క మూయడానికి ఎడమచేత్తోనే నొక్కాలి. తెరవడానికి మళ్లీ ఎడమ చెయ్యే. చిటుక్కుమని ఒక కోత పడేసరికి నుదుటి మీద చెమట పట్టింది. కానీ కాగితం తెగింది. తెగిన అంచు నల్లటి గీతలా, ఎంత శుభ్రంగా ఉందో చూసి ఆయన రెండో కోతకి సిద్ధమయ్యాడు. బంతిని పిసికితే బంతి మళ్లీ బంతిలాగే ఉంటుంది. ఇక్కడ కనీసం తెగిందన్న సంగతి తెలుస్తోంది.

సాయంత్రానికి ఒక బొమ్మ తయారైంది. కూతురు వచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది.

"బూటు బాగుంది నాన్నా."

"అది చేప."

"ఆఁ, తోక ఇటుందా. మడమ అనుకున్నా."

అల్లుడు మాత్రం బొమ్మని చూడలేదు. బల్ల మీద తెరిచిన కత్తెరనీ, దాని రెక్కల మధ్య ఇరుక్కున్న నల్లటి కాగితపు ముక్కనీ చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"మామయ్యా, దీంతో కాగితం కోశారా?"

"కోశాను."

"ఈ కత్తెరతోనా? నన్ను ముట్టుకోనివ్వని కత్తెరతో?"

"అవునయ్యా."

"అంటే..." అల్లుడు ఆగిపోయాడు. ఆ అర్థం ఇద్దరికీ తెలుసు గనక పూర్తి చెయ్యలేదు.

పెద్దాయన కత్తెర మీది ముక్కని గోటితో తీసేశాడు. "అలాగేం కాదు. కత్తెర మొద్దుబారితే సాన పట్టించొచ్చు. వేలు మొద్దుబారితే ఎక్కడ పట్టిస్తాం? అందుకని కత్తెరని పెట్టుబడి పెట్టా."

 అల్లుడు జుట్టు కళ్లలో పడుతుంటే పైకి తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. "ముందు ఆ తల సంగతి చూసుకో," అని కూతురు వెనకనుంచి కేకేసింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వరకూ అదే పని. చేపలు చేపల్లాగే రావడం మొదలైంది. ఆకులు, గొడుగులు, కిటికీలో కనిపించే నీళ్ల ట్యాంకు వచ్చాయి. వంపులు మాత్రం కుదరలేదు. కత్తెరని తిప్పబోతే మణికట్టు మొరాయించేది. ఒకరోజు ఆ తిప్పలు పడుతుండగా ఆయనకి చటుక్కున షాపు గుర్తొచ్చింది. అక్కడ తాను తిరిగేవాడా? కుర్చీని కదా తిప్పేవాడు. కత్తెరని ఉన్నచోటే ఉంచి, ఎడమచేత్తో కాగితాన్ని తిప్పాడు. గుండ్రంగా, ముచ్చటగా వంపు తిరిగింది. తనని కింద పడేసిన కుర్చీ మీద ఆయనకి మొదటిసారి కోపం కొంచెం తగ్గింది.

ఇక ఏం కత్తిరించాలన్న ప్రశ్న వచ్చింది. పువ్వులూ పిట్టలూ ఎవరైనా చేస్తారు. తనకి అందరికంటే బాగా తెలిసినదేమిటి? తలలు. అవి కూడా వెనకనుంచి. అద్దంలో ముఖం వాళ్లు చూసుకుంటారు. వెనకభాగం ఆయనకే తెలుసు.

అప్పటినుంచి నల్ల కాగితాల్లోంచి తలల వెనకభాగాలు రావడం మొదలైంది. చేటల్లాంటి చెవులు, సన్నటి మెడ. రెండు మడతల మెడ, మధ్యలో వెంట్రుకల చిన్న తోక. పైన సుడి దగ్గర ఎప్పుడూ లేచి నిలబడే పిలక. కూతురు వాటిని తెల్లకాగితం మీద అంటించి, చూసీ చూడగానే చెప్పేది.

"ఇది పోస్టాఫీసు బాబాయి. ఆ చెవులు ఇంకెవరికుంటాయి. ఇది మా షాపు ఓనరు."

"ఎలా పట్టావ్?"

"మెడ లేదుగా."

పైవాటా టీచరమ్మ చూడటానికి దిగింది. వాళ్లాయన తల వెనకభాగాన్ని గుర్తుపట్టి చాలాసేపు నవ్వింది. "ఇన్నేళ్ల కాపురంలో నేనెప్పుడూ అటు చూడలేదండీ," అంది. ఆ నవ్వుతో ఉన్ని విషయంలో మిగిలిన మొహమాటం కాస్తా పోయింది.

చెయ్యి మాత్రం ఇంకా మందంగానే ఉంది. ఎడమచెయ్యి సాయం వంపులు నేర్చేనాటికే మానేశాడు. ప్రతి కోతకీ బొటనవేలిని అడగాలి, బతిమాలాలి, అప్పుడది కదులుతుంది. అడిగితే కదిలే వేలితో కాగితం కొయ్యొచ్చు. జుట్టు కొయ్యలేం. కదిలే తల మీద, మాట్లాడే మనిషి మీద, వేలు అడక్కుండా కదలాలి. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. కొత్తతను ఒకసారి షాపుకి వచ్చి అద్దం, అరలు చూసుకుని వెళ్లాడని అల్లుడు చెప్పాడు. పెద్దాయన తల ఊపి ఇంకో కాగితం తీశాడు.

ఆ రోజు ఆదివారం. కూతురు ఇంట్లోనే ఉంది. పెద్దాయన అన్నిటికంటే కష్టమైన బొమ్మ మొదలుపెట్టాడు. ఒక ఆడమనిషి వెనకనుంచి. కొంచెం వంగిన భుజాలు, ఒక పక్కకి వాలిన తల, మెడ మీంచి నడుము దాటి దిగిన జడ. జడ పాయలు ఒక్కొక్కటీ కనబడేలా లోపల సన్నసన్నటి కోతలు. ఒంటికీ జడకీ మధ్య కాగితం తీసేస్తూ, పైన మెడ దగ్గర మాత్రం వెడల్పు తక్కువ పట్టీ ఒకటి వదిలాడు. మొత్తం జడ దానికే వేలాడుతుంది.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. కూతురు రెండుసార్లు వచ్చి చూసి, అదెవరి బొమ్మో అడక్కుండానే వెళ్లిపోయింది. చివరి పాయ కోత పూర్తయింది. పెద్దాయన హమ్మయ్య అనుకుని, బొమ్మని పైకెత్తి వెలుతురులో చూడబోయాడు. కత్తెర ఇంకా వేళ్లకే ఉంది.

టిక్, టిక్.

జడ ఊడి ఒళ్లో పడింది.

పెద్దాయన కొయ్యబారిపోయాడు. పట్టీ తెగింది. తాను కొయ్యలేదు. కొయ్యాలనుకోలేదు. బతికున్నన్నాళ్లూ కత్తెర తగలనివ్వని జడ, కాగితంలోకి వచ్చాక ఒక్క క్షణంలో తెగిపడింది. 

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. కూతురు తడిచేతులతో గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఇప్పుడేం చేశావ్?"

"జడ తెగిపోయిందమ్మా. మీ అమ్మ జడ."

"అది కాదు. చప్పుడు. రెండుసార్లు వచ్చింది."

పెద్దాయనకి అర్థం కాలేదు.

"షాపులో చేస్తావు కదా నాన్నా. ఒక కోతకీ ఇంకో కోతకీ మధ్య, ఖాళీ కత్తెర గాలిలో ఆడిస్తావే. చిన్నప్పుడు నేను షాపు బెంచీ మీద ఆ చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. అదే వచ్చింది ఇప్పుడు."

ఆయన నెమ్మదిగా చేతివైపు చూసుకున్నాడు. ఆ పని చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే. జుట్టు మీద లేనప్పుడు కూడా కత్తెర ఆగదు. చెయ్యి లయ తప్పకుండా ఉండటానికి గాలినే కోస్తూ ఉంటుంది. ఎవరూ కావాలని చెయ్యరు. అసలు చేస్తున్నామనే తెలియదు. నిద్రలో కూడా మీ బొటనవేలు ఆడుతుంటుందని భార్య వేళాకోళం చేసేది.

అంటే వేలిని ఎవరూ అడగలేదు. అది తనంతట తనే కదిలింది.

కత్తెరని కాగితానికి దూరంగా, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. దానివైపు చూడకుండా, వీధిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్న మనిషిని చూస్తూ కూర్చున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత టిక్. ఆగి, టిక్, టిక్. ఆ తర్వాత కాస్త గతుకుల బాటలో బండి నడిచినట్టు, ఎగుడుదిగుడుగా, వరసగా.

కూతురు చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, పనిలో పనిగా కళ్లూ తుడుచుకుంది.

"అమ్మే మందలించింది నాన్నా. ఇంక షాపుకి పొమ్మంటోంది."

"మందలించడం కాదు. నా జడ జోలికి రావొద్దన్నానా లేదా అంటోంది," అన్నాడు ఆయన. అని, చాలా వారాల తర్వాత పెద్దగా నవ్వాడు.

సాయంత్రం అల్లుడు అంతా విన్నాడు. కత్తెరని తోలుసంచీలో పెట్టి తీసుకుపోయాడు. నెల చివరి రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, "మామయ్యా, ఒకసారి షాపుదాకా రండి," అన్నాడు.

షాపులో ఎవరూ లేరు. అల్లుడు తలుపు దగ్గరగా వేసి, సాన పట్టించిన కత్తెరని కిటికీ పక్క అద్దం ముందు పెట్టాడు. పెద్దాయన దువ్వెనలు పెట్టినచోటే ఉన్నాయి, దుమ్ము కూడా లేదు. అల్లుడు గుడ్డ తానే మెడకి కట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"కానివ్వండి."

పెద్దాయన అతని జుట్టు వైపు చూశాడు. కాలరు దాటిన జుట్టు, మూసుకుపోయిన చెవులు.

"ఇందుకా ఇన్నాళ్లూ ఇలా పెంచావు?"

"తీరిక దొరకలేదు," అన్నాడు అల్లుడు అద్దంలోకి చూడకుండా. "ఇంకొకరి చేత చేయించుకోవడం నాకు అలవాటు లేదు. మీరు చేస్తేనే చేయించుకుంటా."

పెద్దాయన కాసేపు దువ్వెనతో చిక్కులు తీస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపు ఆయనకి కావలసి వచ్చింది. తర్వాత కుర్చీ తిప్పి పని మొదలుపెట్టాడు.

నిదానంగానే సాగింది. మధ్యలో రెండుమూడుసార్లు చెయ్యి దించి వేళ్లు విదిలించుకున్నాడు. కోతకీ కోతకీ మధ్య టిక్ టిక్ మంటూ ఖాళీ చప్పుడు కొంచెం తడబడింది, మళ్లీ దారిలో పడింది. అల్లుడు మెడ వంచుకుని కదలకుండా కూర్చున్నాడు. చివరికి వెనక చిన్న అద్దం పట్టి చూపిస్తే, తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కుడిచెవి దగ్గర కొంచెం ఎక్కువ పోయింది."

"పోయింది," అని ఒప్పుకున్నాడు పెద్దాయన. "కాగితమైతే పారెయ్యాలి. జుట్టు కాబట్టి పెరుగుతుంది. దేవుడు మనకి ఈ వృత్తిలో అదొక్క సాయం చేశాడు."

అల్లుడు నవ్వాడు. గుడ్డ దులిపి, నేల మీద జుట్టు ఊడుస్తూ అన్నాడు. "కొత్తతన్ని సాయంత్రం పూట రమ్మంటా. పొద్దుటి నుంచి భోజనాల దాకా కుర్చీ మీది. చెయ్యి అలిసిపోకముందే ఇంటికెళ్లండి. దువ్వెనలు మాత్రం ఇటు పక్కవి ముట్టుకోవద్దని చెప్తా."

పెద్దాయన కొంచెంసేపు ఆలోచించాడు. పూర్తి రోజు అడిగితే అల్లుడు కాదనడు. అడగాలనీ అనిపించింది. కానీ బొటనవేలు అప్పటికే సన్నగా వణుకుతోంది. ఇంట్లో కూతురు తెచ్చిన కట్టలో నల్ల కాగితాలు ఇంకా సగానికి పైగా ఉన్నాయి.

"సరే. పొద్దున్న జుట్టు, మధ్యాహ్నం కాగితం. కాగితానికి మాత్రం వేరే కత్తెర. ఆ పాతది, మర వదులైంది ఉందే, అది నాకిచ్చెయ్."

"తీసుకోండి."

ఇంటికి వచ్చేసరికి కిటికీ అద్దానికి ఒక బొమ్మ అంటించి ఉంది. బాగా వచ్చిన తలలు అన్ని ఉండగా, కూతురు తెగిన జడ బొమ్మనే అంటించింది. జడని మెడకి కలిపింది కానీ సరిగ్గా కుదరలేదు. మధ్యలో వెలుతురు గీత ఒకటి సన్నగా కనిపిస్తోంది.

"అతుకు కనబడుతోందే."

"కనబడనీ నాన్నా. అక్కడినుంచే కదా నీ వేలు తిరిగింది."

 మర్నాటి నుంచి ఆయనకి కొత్త తిప్పలు మొదలయ్యాయి. కదలని వేలిని కదిలించడానికి అన్ని వారాలు పట్టింది. కదిలే వేలిని కాగితం మీద ఆపడం ఆయన జన్మలో ఎప్పుడూ నేర్చుకోలేదు. చెవి తెగిన తలలు, ముక్క పోయిన గొడుగులు వరసగా బుట్టలోకి వెళ్లాయి. ఆయన విసుక్కోలేదు. పాత కత్తెర తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని, ముందు దానికి తనివితీరా గాలిని కొయ్యనిచ్చి, ఆ తర్వాత మెల్లగా కాగితం మీదికి తెచ్చేవాడు.